సామల్లో కలిసిన గింజ

ఏమే చెల్లీ, సామలన్నం మొదలుపెట్టావటగా! మంచి పని. మానేయమని కాదు గానీ, ఆ సామల గురించే ఒక సంగతి చెప్తా విను.

1970ల నడుమ సర్గుజాలో (అప్పట్లో మధ్యప్రదేశ్, ఇప్పుడు ఛత్తీస్‌గఢ్) జనానికి పొట్టలు ఉబ్బడం మొదలైంది. కాలేయం పెరిగి, కడుపులో నీరు చేరి, జలోదరం. వైద్యులు నమోదు చేసిన 67 మందిలో 28 మంది పోయారు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లూ వెళ్లి ఆరా తీశారు. దొరికిందేమిటో తెలుసా? ఆ ఊళ్లవాళ్లు రోజూ వండుకునే గోంద్లీలో, అంటే మన సామల్లోనే, జనుము జాతి కలుపు మొక్క గింజలు!

ఆ గింజల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి. అవి కాలేయంలోకి చేరాకే అసలు విషమవుతాయి. అక్కడి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. తిన్న పూటే వాంతులైతే కూటి మీద అనుమానం వస్తుంది. ఇది నెమ్మదిగా లోపల్లోపలే నడుస్తుంది కదా, ఎవరు కనిపెడతారు? ఉడికిస్తే విరిగిపోయే విషం కూడా కాదే.

ఆ రోజుల్లోనే అఫ్గానిస్తాన్‌లోని గుల్రాన్‌లో గోధుమల్లో హెలియోట్రోపియం అనే కలుపు గింజలు పడ్డాయి. 7,200 మందిని పరీక్షిస్తే నలుగురైదుగురిలో ఒకరికి కాలేయం దెబ్బతిని ఉంది. దానికి ముందు రెండేళ్లు కరువు. పైరు ఎండినా కలుపు ఎండదుగా! ఏరుకుని తినలేకపోయారా అనడం తేలికే. ఇంట్లో ఉన్నవే నాలుగు గింజలైతే, అందులోంచి ఏరి పారబోయడానికి ఏ తల్లికి చేతులొస్తాయి చెప్పు?

మనకా ఇబ్బంది లేదు కదా, కాస్త ఓపిక చేసుకో. పిండి కొనకు, గింజే కొను. మర పట్టించాక దేవుడైనా ఏరలేడు. చెరిగితే పొట్టు పోతుంది, జల్లిస్తే ఇసుక పోతుంది, కానీ సామంతే ఉన్న గింజ రెండింటికీ దొరకదు. వెలుతురులో తెల్లగుడ్డ మీద పలచగా పరిచి, రంగూ ఆకారమూ తేడాగా ఉన్నవి ఏరెయ్. మన అమ్మమ్మలు చేట ముందు కూర్చుంటే పొద్దుపోక అనుకునేవారు మగవాళ్లు!

ఇంకోటి. నువ్వు నేరుగా రైతు దగ్గరే తెప్పించుకుంటున్నావట. చేలో జనుములాంటి పచ్చపూల మొక్కలుంటే కాయ పట్టకముందే పీకించాడేమో, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆయన్నడుగు.