సుగ్గికి పోయేవాళ్లకు నాలుగు మాటలు

మా కోసిగి, ఆదోని పక్క పల్లెల్లో వానకాలం పంట అయిపోయాక సుగ్గికి పోతాం, అంటే గుంటూరు వైపు మిరపకాయ కోతలకు. ముఠాలు కట్టుకుని పోయిన పాత మేస్త్రీని కాబట్టి చెబుతున్నా. మంచి ఏడాదిలో ఇవన్నీ పట్టించుకోకపోయినా నడిచిపోతుంది. 2020 లాంటిది వస్తేనే చిక్కు.

1. లెక్క ఆఖర్న చూసుకుందామంటే ఒప్పుకోవద్దు. కిలోకి ఇంతని కూలి. రోజూ కాటా వేస్తారు, పుస్తకంలో రాస్తారు, డబ్బు మాత్రం బస్సెక్కే రోజున. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడేసరికి కల్లాల్లో కాయ ఎర్రగా ఎండుతోంది. గుంటూరు యార్డు మూసేశారు. కొనేవాడు లేక రైతు చేతులెత్తేశాడు. ఆయన్నీ తిట్టలేం, చేసేది కౌలు, మందుల కొట్లో అప్పు. ఆ ఏప్రిల్ నుంచి జూన్ దాకా దేశం రాబడే దాదాపు నాలుగోవంతు పడిపోయిందన్నారు. పైన ఎవరికి నష్టమొచ్చినా కిందివాడి మీదికి తోస్తూ వస్తారు; మన కింద తొయ్యడానికి ఎవరూ లేరు. అందుకే వారం వారం సంతరోజున సగమైనా చేతిలో పడాలి.

2. కాటా పుస్తకం మీ దగ్గర కూడా ఒకటి ఉండాలి. బడికెళ్లిన పిల్ల చేత రాయించండి. తరుగు ఎంత తీస్తారో మొదటి రోజే తేల్చుకోండి. ఈ మాటకు తోటి మేస్త్రీలకు కోపమొస్తుంది. రానీ.

3. పెళ్లికని, పండగకని అడ్వాన్సు ఎక్కువ తీసుకోవద్దు. పనులు తక్కువై మనుషులు ఎక్కువైన ఏడాది, బాకీ ఉన్నవాడికి బేరమాడే నోరుండదు.

4. బయల్దేరేముందు ముఠాలో అందరి పేర్లు, పోయే ఊరు, రైతు ఫోన్ నంబరు గ్రామ సచివాలయంలో రాసిచ్చి పోండి. 1979లో వలస కూలీల చట్టం తెచ్చారు గానీ అది రాష్ట్రం దాటినవాళ్ల కోసం చేసింది. ఆదోని నుంచి గుంటూరు ఎంత దూరమైనా రాష్ట్రం లోపలే కదా, అది మనకు వర్తించలేదు! అయినా లాక్‌డౌన్‌లో జిల్లా దాటాలన్నా పోలీసులు ఆపారు.

5. రేషన్ కార్డు నకలు వెంట ఉంచుకోండి. వేలిముద్ర పడితే బియ్యం అక్కడా ఇస్తారు.

6. పిల్లల్ని తీసుకుపోకండి. బళ్లో సీజనల్ హాస్టల్ పెడితే అక్కడ వదలండి. చంటిబిడ్డైతే తప్పదు. కాయ కోసిన చెయ్యి ఎంత కడిగినా మంట పోదు. రాత్రి కొబ్బరినూనె పట్టించినా అంతే. ఏడుస్తున్న బిడ్డ కళ్లు తల్లి ఆ చేత్తో తుడిచిందా, ఇక గుడిసెలో ఎవరికీ నిద్రుండదు. ఒక చీరచెంగు ముక్క విడిగా ఉతికి, బిడ్డ కోసమే దాచుకునే ఆడవాళ్లను చూశాను.

7. 2020 మేలో ఉపాధి హామీకి కేంద్రం ఇంకో 40,000 కోట్లు ప్రకటించింది. తిరిగొచ్చినవాళ్లకు ఆ వేసవిలో అదే దిక్కయింది. మా వీధిలో కొత్త కోడళ్లకు మాత్రం పని దొరకలేదు, జాబ్ కార్డులో పేరెక్కించలేదు మరి. పెళ్లయిన నెలలోనే ఆ పని చూడండి.