శిథిల పట్టణములు నేర్పు పాఠము

(మధ్యధరా సముద్రముపై ఓడ ప్రయాణము చేయువారికిని, ఇంటనుండి చదువుకొనువారికిని)

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 19, 20, 27 అధ్యాయములు, ప్రకటన 2:1–7



ఈ మధ్య మన కుటుంబములలో ఒక క్రొత్త వాడుక కనబడుచున్నది. గల్ఫులోను, యూరపులోను, అమెరికాలోను ఉద్యోగములు చేయుచున్న పిల్లలు, రిటైరైన తల్లిదండ్రులను పిలిపించుకొని, మధ్యధరా సముద్రముపై విహార నౌకలో వారము పది దినములు త్రిప్పి పంపుచున్నారు. ఓడ సాధారణముగా రాత్రివేళ ప్రయాణము చేసి తెల్లవారుసరికి ఒక రేవు చేరును. ప్రయాణికులు దిగి, బస్సులెక్కి, పాడుపడిన ఒక ప్రాచీన పట్టణమును చూచి, సాయంత్రమునకు మరల ఓడ చేరవలెను. ఒక్కొక్క చోట దొరుకునది ఆరేడు గంటలు మాత్రమే. రాకపోకలు పోగా శిథిలముల మధ్య నిలుచునది రెండు మూడు గంటలే.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన మాట ఒకటున్నది. పిల్లలను ఊరు చూపింప తీసికొనిపోవునప్పుడు ముందుగా ఒక ప్రశ్న చేతికిచ్చి తీసికొనిపోవలెను. ప్రశ్న లేక వెళ్ళినవానికి అన్ని రాళ్ళును ఒక్కటే. ఆ పద్ధతినే పెద్దలమైన మనమును పాటింతము. ఈ పాఠమునకు ప్రశ్న ఇది: ఈ పట్టణము ఎందుకు ఖాళీ అయినది? ఇక్కడి జనము ఎక్కడికి పోయిరి, పోవునప్పుడు ఏమి తీసికొనిపోయిరి?

1. ముందు మన ఇంటి ముంగిట

దూరదేశము వెళ్ళక ముందు ఈ ప్రశ్నను మన దగ్గరనే వేసి చూతము. కోరాపుట్ జిల్లాలోని నందపూర్ నేడు బ్లాకు కేంద్రమైన ఒక చిన్న ఊరు. ఒకనాడు అది రాజధాని. శిలావంశపు రాజులును, వారి తరువాత సూర్యవంశపు రాజులును అక్కడనుండి ఈ కొండసీమను ఏలిరి. అక్కడ ముప్పది రెండు మెట్ల సింహాసనమని చూపు రాతికట్టడము నేటికిని ఉన్నది. మనము చిన్ననాట విన్న విక్రమార్కుని ముప్పది రెండు సాలభంజికల కథను స్థానికులు దానికి ముడిపెట్టుదురు. చేరువలోని సుబాయిలో జైన ఆలయముల శిథిలములు కలవు.

నందపూర్‌ను శత్రువు తగులబెట్టలేదు, భూకంపము కూల్చలేదు. 17వ శతాబ్దములో రాజు రాజధానిని జయపురమునకు మార్చెను. కొలువు ఎక్కడనో ఊరు అక్కడనే గదా. వ్రాతగాండ్రు, వర్తకులు, పనివారు కొలువు వెంట కదలిరి. సింహాసనపు మెట్లు కదలలేకపోయినవి.

ఊరు ఖాళీ అగుటకు ఇది ఒక కారణము. దీనిని గుర్తుంచుకొని ఓడ ఎక్కుదము.

2. పౌలు ఎక్కిన ఓడ, నేటి ఓడ

నేటి విహార నౌకలో వేలమంది పట్టుదురు. భోజనశాల, వైద్యుడు, లిఫ్టు, చల్లని గది అన్నియు అందులోనే. అపొస్తలుడైన పౌలు రోమాకు ఖైదీగా పోయిన ఓడ అలెక్సంద్రియనుండి ఇటలీకి పోవుచున్నది, గోధుమలు మోయుచున్నది. దానిలో 276 మంది ఉండిరని లూకా లెక్క వ్రాసెను (27:37). ఆ కాలమున శీతకాలపు నెలలలో సముద్రయానము చాలవరకు నిలిపివేసెడివారు. ఉపవాసదినము గడిచిపోయెను గనుక ప్రయాణము అపాయకరమని పౌలు హెచ్చరించుటలోని భావమిదే (27:9). వారు వినలేదు. ఓడ మెలితే ద్వీపము దగ్గర బద్దలయ్యెను. అదే నేటి మాల్టా.

పౌలు ఆ పట్టణములను శిథిలములుగా చూడలేదు. అవి జనముతో, బేరములతో, కేకలతో నిండియుండగా చూచెను. మనకు కనబడు నిశ్శబ్దము ఆయనకు తెలియదు.

3. ఎఫెసు: సముద్రము విడిచిపోయిన రేవు

ఎఫెసు చూడగోరువారు టర్కీ దేశములోని కుషాదసి రేవులో దిగుదురు. అక్కడనుండి బస్సులో సుమారు 20 కిలోమీటర్లు. చూచువారు మొదట గమనింపవలసినది ఈ బస్సు ప్రయాణమునే. పౌలు కాలమున ఎఫెసే ఓడరేవు. నేడు సముద్రము ఆ శిథిలములకు అయిదారు కిలోమీటర్ల దూరమున ఉన్నది.

అక్కడ సుమారు 25,000 మంది కూర్చుండదగిన రాతి నాటకశాల ఉన్నది. కంసాలియైన దేమేత్రియ రేపిన అల్లరిలో జనులు రెండు గంటలసేపు కేకలు వేసినది ఇందులోనే (19:29–34). మెట్లపై నిలిచి పడమరకు చూచినయెడల, తిన్నని రాచబాట ఒకటి క్రిందికి పోవుచుండును. అది రేవుకు పోవు బాట. ఇప్పుడు ఆ బాట చివర నీరు లేదు, ఓడ లేదు. రెల్లుగడ్డి పెరిగిన పల్లము మాత్రమే ఉన్నది.

ఏమి జరిగినది? ఎఫెసు ప్రక్కన పారు నది కొండలనుండి ఒండ్రుమట్టిని తెచ్చి ఏటేట రేవులో పోసెను. ఇది ఒక్కనాటి విపత్తు కాదు. నీరో చక్రవర్తి కాలముననే ఒక రోమా అధిపతి ఎఫెసు రేవు బాగుచేయించిన సంగతి చరిత్రకారుడైన టాసిటస్ వ్రాసెను. తరువాతి కాలమునను పూడిక తీయించిరి. నది మాత్రము ఆగలేదు. రేవు మూతబడగా వర్తకము పోయెను, పల్లపు నీటివలన జ్వరములు పెరిగెను, జనము మెల్లమెల్లగా తరలిపోయిరి.

ప్రకటన గ్రంథములో ఎఫెసు సంఘమునకు వచ్చిన హెచ్చరిక మనకు తెలిసినదే. మొదట ఉన్న ప్రేమ సన్నగిల్లినదనియు, మారుమనస్సు లేనిచో దీపస్తంభము తీసివేయబడుననియు దాని సారాంశము. కొందరు బోధకులు శిథిలములను చూపి, ఇదిగో ఆ శిక్ష అని త్వరపడి చెప్పుదురు. మేమట్లు చెప్పము. ఆ హెచ్చరిక తరువాత కూడ అక్కడ సంఘము శతాబ్దములపాటు నిలిచెను. 431లో క్రైస్తవ పెద్దల మహాసభ అక్కడనే కూడెను. చేరువలోని షిరింజె అను కొండ గ్రామములో గ్రీకు క్రైస్తవులు 1920ల వరకు నివసించిరి. గ్రీసు, టర్కీల మధ్య 1923లో జరిగిన జనాభా మార్పిడి ఒప్పందము నాటికి వారు అచ్చట ఇండ్లు విడిచి గ్రీసు చేరవలసివచ్చెను. కావున రేవు పూడినది మట్టివలననే. కాని పూడిక ఎట్లు వచ్చునో చూచినవానికి ఆ హెచ్చరిక బాగుగా అర్థమగును. ఏ ఒక్క దినమునను ఎవరికిని తేడా కనబడదు. అయినను నీరు వెనుకకు పోవుచునే ఉండును.

ఇంకొక జాగ్రత్త. ఎఫెసులో అందరును ఫొటో తీయించుకొను రెండంతస్తుల అందమైన ముఖభాగము సెల్సస్ గ్రంథాలయము. అది రెండవ శతాబ్దపుది. పౌలు దానిని చూడలేదు. మనము చూచు ముఖభాగము పడియున్న రాళ్ళను 1970లలో మరల నిలబెట్టినది. పౌలు ఎరిగిన అర్తెమి దేవి గుడి లోకవింతలలో ఒకటి. అది భూమిలో పూడిపోగా, ఆంగ్లేయుడైన జె. టి. వుడ్ 1863లో వెదకనారంభించి 1869 చివరి దినమున దాని జాడ కనుగొనెను. నేడు అక్కడ పేర్చి నిలిపిన ఒక్క స్తంభము కలదు.

4. మిలేతు, కెంక్రేయ, పొతియొలీ

మిలేతులో పౌలు ఎఫెసు పెద్దలను పిలిపించి కన్నీటితో వీడ్కోలు పొందెను. వారు ఆయనను ఓడ వరకు సాగనంపిరి (20:17–38). ఆ మిలేతు రేవు కూడ నది మట్టితో పూడి, నేడు మైదానపు పొలముల మధ్యనున్నది.

గ్రీసులో పిరేయస్ రేవున దిగినవారు ఏథెన్సు చూచి, వీలైనచో కొరింథుకు పోవుదురు. కొరింథును రోమీయులు క్రీ.పూ. 146లో నాశనము చేసిరి. జూలియస్ సీజరు క్రీ.పూ. 44లో దానిని మరల వలసపట్టణముగా స్థాపించెను. పౌలు చూచినది ఈ వలసవారి కొరింథునే. గల్లియోను ఎదుట ఆయనను నిలువబెట్టిన న్యాయపీఠపు స్థలమును అచ్చట చూపుదురు (18:12). ఫీబే సేవచేసిన కెంక్రేయ దాని తూర్పు రేవు. అక్కడ ఎఫెసుకు వ్యతిరేకముగా జరిగెను. నేల క్రుంగి, రేవుకట్టలో కొంతభాగము నీటిలో మునిగియున్నది.

ఇటలీలో పౌలు దిగిన పొతియొలీ నేపుల్స్ దగ్గర నేటి పొజ్జువోలి (28:13). అక్కడి ప్రాచీన బజారులో మూడు పాలరాతి స్తంభములు నిలిచియున్నవి. వాటిపై మనిషి ఎత్తుకు చాల పైన, సముద్రపు ఆల్చిప్పజాతి ప్రాణులు తొలిచిన రంధ్రములు కనబడును. నేల సముద్రములోనికి దిగి మరల పైకి లేచెననుటకు ఆ రంధ్రములే సాక్ష్యము. అచ్చటి అగ్నిపర్వత భూమి ఇప్పటికిని లేచుచు దిగుచున్నది.

5. మన తెలుగునేలపై ఓడ ప్రయాణము

ఇట్టి ప్రయాణము మన దేశములోనే ఉన్నది. నాగార్జునసాగరుపై విజయపురి సౌత్ రేవునుండి లాంచీలో నాగార్జునకొండకు పోవచ్చును. మూడవ, నాలుగవ శతాబ్దములలో ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి ఆ లోయలో వెలసెను. రోమా బంగారు నాణెములు అక్కడ దొరికినవి. పౌలు తిరిగిన సముద్రమునకును మన కృష్ణానదికిని ఆనాడే వర్తకపు దారి ఉండెనని వాటివలన తెలియుచున్నది.

1926లో ఈ స్థలము పురావస్తు శాఖ దృష్టికి వచ్చెను. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. నీరు రాకమునుపే చూడవలెనని 1954 నుండి 1960 వరకు లోయ అంతయు త్రవ్విరి. ముఖ్యమైన కట్టడములు కొన్నిటిని ఇటుక ఇటుకగా ఎత్తి కొండపైకిని, ఒడ్డున అనుపుకును చేర్చిరి. ఆ కొండయే నేటి ద్వీపము. లోయలోని గ్రామస్థులు ఇండ్లు, పొలములు, సమాధులు విడిచి లేచిపోవలసివచ్చెను. రాళ్ళను ఎత్తిపెట్టిన స్థలము అందరు చూచుచున్నారు. మనుష్యులు లేచిపోయిన దారులకు గుర్తులు పెట్టినవారు కొద్దిమందియే. నందపూర్ ప్రాంతమువారికి ఇది వింత కాదు. మాచ్‌ఖండ్ విద్యుత్తు కొరకు కట్టిన జలాపుట్ జలాశయము క్రింద కూడ ఊళ్ళు ఉండెను.

6. ఏమి మిగిలినది?

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు చెప్పుకొందము. రాజు మారి నందపూర్, మట్టి పూడి ఎఫెసు, నీరు వచ్చి విజయపురి లోయలోని గ్రామములు ఖాళీ అయినవి. కారణములు వేరు, ఫలితము ఒక్కటే. కాని ఎఫెసు సంఘమును గూర్చి మనకు తెలిసినది ఆ రాళ్ళవలన కాదు. ఒక ఉత్తరము, లూకా వ్రాసిన ప్రయాణపు వివరము, వాటిని నకలు వ్రాసి ఊరినుండి ఊరికి మోసినవారు, వీరివలన తెలిసినది. తరలిపోయినవారు చేత పట్టుకొనిపోయినదే నిలిచెను.

మనమును తరలివచ్చినవారమే. సునాబెడ కర్మాగారమునకు, దమన్‌జోడికి, రాయగడ కాగితపు మిల్లునకు, రైల్వే పనులకు మన తండ్రులు వచ్చిరి. చాల సంఘములు మొదట ఎవరో ఒకరి క్వార్టరు ముందుగదిలో కూడుకొనినవి. వాటికి శిథిలములు కూడ ఉండవు. క్వార్టరు కూల్చివేసిన దినమున ఆనవాలు పోవును. తెలుగు మాటలాడుచు తెలుగు చదువలేని మనుమలు నేడు మన ఇండ్లలోనే ఉన్నారు. ఇదియే మన రేవులో చేరుచున్న ఒండ్రుమట్టి.

మనకు ముందే సముద్రము దాటినవారి మాదిరి ఉన్నది. 1903లో నెల్లూరు ప్రాంతమునుండి జాన్ రంగయ్యగారు తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ పంపగా ఓడలో దక్షిణ ఆఫ్రికాలోని నటాలు చేరిరి. తోటలలో కూలికి పోయిన తెలుగువారి మధ్య ఆయన సంఘములు నెలకొల్పిరి. ఆ పేరును సంవత్సరమును ఈనాడు చెప్పగలుగుచున్నామనగా, ఎవరో వ్రాసి ఉంచుటవలననే.

కావున ప్రతి సంఘము ఈ సంవత్సరమే చేయదగిన పనులు:

(అ) మొదటి సభ్యుల పేర్లు, ఏ ఊరినుండి ఏ పనికి వచ్చిరో, బ్రతికియున్న పెద్దలను అడిగి వ్రాయుడి.

(ఆ) పాత బాప్తిస్మపు రిజిస్టర్లను, మినిట్సు పుస్తకములను చెదలు పట్టకముందే ఫొటోలు తీయించి రెండుచోట్ల దాచుడి.

(ఇ) ఆ చరిత్రను తెలుగులోను, పిల్లలు చదువగల ఒడియాలోనో ఇంగ్లీషులోనో కూడ ఉంచుడి.

(ఈ) పిల్లలకు వారమునకు ఒక గంట తెలుగు అక్షరములు నేర్పుడి.

7. ఓడ ఎక్కువారికి కొన్ని సూచనలు

వీసా నియమములు దేశమునకొకటి. టికెట్టు కొనకముందే అన్ని రేవుల సంగతి విచారించుడి. ఎఫెసు పాలరాతి బాటలు అరిగి నునుపుగా ఉన్నవి. జారని బూట్లు తొడుగుడి. జులై, ఆగస్టు ఎండలకు నీడ తక్కువ. నీళ్ళసీసా, గొడుగు, మందులు చేతిసంచిలో ఉంచుడి. ఓడ ఎక్కవలసిన గడువుకు గంట ముందే రేవు చేరుడి. ముందురాత్రి ఆ పట్టణపు వాక్యభాగమును చదువుకొని దిగుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఎఫెసు రేవు పూడుటకును, సంఘములో ప్రేమ చల్లారుటకును పోలిక ఏమి? భేదమేమి?

2. మీ సంఘము మొదట కూడిన ఇల్లు ఏది? చెప్పగలవారు ఎందరు మిగిలియున్నారు?

3. రేపు మీరు ఈ ఊరు విడువవలసివచ్చినయెడల, సంఘముగా చేత పట్టుకొనిపోవునది ఏది?