డయాలసిస్ రోగికి కొబ్బరినీళ్లు ఇవ్వవచ్చా?

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. మా నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఎండకు నీరసపడి రోజూ కొబ్బరినీళ్లు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకండి. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లున్న మీ ఉద్దానం ప్రాంతంలో ఈ మాట చెప్పడం కష్టమే, కానీ ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. రక్తంలో అది లీటరుకు సుమారు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. పాడైన కిడ్నీలు అదనపు పొటాషియాన్ని బయటికి పంపలేవు. అది పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ముందు ఏ సూచనా లేకుండానే ఆగిపోతుంది. రెండు డయాలసిస్‌ల మధ్య ఎడం పెరిగేకొద్దీ ముప్పు ఎక్కువ.

పనస, అరటి, జీడిపప్పు కూడా ఇంతే. కూరగాయలను చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చేయండి. ఆ నీళ్లు చారులో పోయకండి. సోడియం తక్కువని అమ్మే ఉప్పు అసలు వద్దు, అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్. ఓఆర్‌ఎస్ కూడా డాక్టరు చెబితేనే. దాహానికి డాక్టరు చెప్పిన కొలతలోనే మంచినీళ్లు, గుక్కెడు గుక్కెడుగా ఇవ్వండి.

నీరసం ఎండవల్లే అనుకోకండి. పొటాషియం పెరిగినా కండరాలు బలహీనపడతాయి. ఈ వారమే రక్తపరీక్ష చేయించండి. కాళ్లు చచ్చుబడినట్టున్నా, నాడి నెమ్మదించినా, గుండె దడ, ఆయాసం వచ్చినా తర్వాతి డయాలసిస్ దాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, రోగి డయాలసిస్‌లో ఉన్నారని ముందే చెప్పండి, ఆసుపత్రిలో ఈసీజీ తీయించండి.