అక్వేరియం చేపలకు తెల్ల మచ్చల జబ్బు: మచ్చలు పోయినా వైద్యం ఎందుకు ఆపకూడదు?



ఎప్పుడూ జీవామృతం, కషాయాలు, దేశీ విత్తనాల గురించి మాట్లాడుకునే మనం ఈసారి చేపల తొట్టి దగ్గరికి వచ్చాం. రెండేళ్ళ నుంచి పొలం దగ్గర నాలుగు సిమెంటు తొట్లలో గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్ పెంచి అమ్ముతున్నా. పంటకు పంటకు మధ్య చేతి ఖర్చులకు పనికొస్తుంది. పోయిన డిసెంబరులో ఈ చేపలకొచ్చిన జబ్బు నాకు గట్టి పాఠమే నేర్పింది. తొట్టి అడుగు ఎలా శుభ్రం చేయాలో, ఉప్పు ఎలా కలపాలో పైన వీడియోలో చూపించా. అందులో తొందరగా దాటేసిన లెక్కలు, కారణాలు ఇక్కడ వివరంగా రాస్తున్నా.

అసలు ఏం జరిగింది?

మాది జహీరాబాద్ వైపు. డిసెంబరు రాత్రులు ఇక్కడ చలి గట్టిగానే ఉంటుంది. ఆ చలిలోనే హైదరాబాద్ నుంచి 12 గోల్డ్ ఫిష్ తెచ్చి, చిరుధాన్యాలు, గానుగ నూనె అమ్మే మా దుకాణంలోని అక్వేరియంలో నేరుగా వదిలేశా. అందులో అప్పటికే మా పాప పేర్లు పెట్టి పెంచుకునే ఆరు చేపలున్నాయి. వారం తిరక్కముందే పాప బడి నుంచి వచ్చి, "నాన్నా, చేప మీద ఉప్పు పడ్డది" అన్నది. చూస్తే నిజంగానే తోక మీద, రెక్కల మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు. చేపలు గులకరాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటున్నాయి.

వ్యవసాయ డిప్లొమా చదివిన వాణ్ణి, పదేళ్ళుగా మందుల్లేని సాగు చేస్తున్న వాణ్ణి. నాకు ముందు తట్టింది వేపాకే. వేపాకు మరగబెట్టిన నీళ్ళు అర లీటరు తొట్టిలో పోశా. తెల్లారేసరికి ఐదు చేపలు పైకి తేలాయి. అవి జబ్బుతో పోలేదు, నా వైద్యంతో పోయినయి.

తర్వాత ఎవరో చెబితే ఉప్పు వేశా. నాలుగో రోజుకు మచ్చలన్నీ మాయం. హమ్మయ్య అనుకుని నీళ్ళు మార్చేసి వైద్యం ఆపేశా. అంతటితో ఆగక, ఆ తొట్టి నుంచే మా వీధిలో పదో తరగతి చదివే ఒక పిల్లవాడికి నాలుగు చేపలు అమ్మా. వారం దాటాక నా తొట్టిలో మచ్చలు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఇంకా ఎక్కువ. అదే రోజు సాయంత్రం ఆ పిల్లవాడు కవరులో చచ్చిన చేపలు రెండు పట్టుకుని దుకాణానికొచ్చాడు. "అన్నా, ఇంట్లో పాత చేపలకు కూడా అంటుకుంది" అన్నాడు. డబ్బులు తిరిగిచ్చా కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెగులున్న నారు అమ్మిన నర్సరీవాడిని మనం ఎన్ని మాటలంటాం! నేను చేసింది కూడా అదే కదా.

ఇది ఏ జబ్బు?

దీన్ని అక్వేరియం వాళ్ళు 'ఇక్' అంటారు. కారణం ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి. మంచినీటి చేపలన్నిటికీ రావచ్చు, చెరువులోని రోహు, బొచ్చెలకు కూడా. మనుషులకు అంటదు. రొయ్యల రైతులు చెప్పుకునే తెల్ల మచ్చల వ్యాధి వేరు, అది వైరస్ వల్ల వచ్చేది. రెండూ కలిపి చూడకండి.

గుర్తు పట్టడం ఇలా:
- మచ్చ ఒక మిల్లీమీటరు లోపు ఉంటుంది, ఒక్కోటి విడిగా, కొంచెం ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.
- చేప రాళ్ళకు రుద్దుకుంటుంది, రెక్కలు ముడుచుకుంటుంది, మేత తగ్గిస్తుంది.
- మొప్పలకు పడితే ఒంటి మీద మచ్చ కనపడకపోయినా నీటి పైకి వచ్చి గుటకలు వేస్తుంది. ఇది ప్రమాదం ముదిరిన లక్షణం.

రెండు చోట్ల పొరబడతాం. దూది పింజలా అంటుకుని ఉంటే అది బూజు తెగులు కావచ్చు. మగ గోల్డ్ ఫిష్‌కు గుడ్ల కాలంలో మొప్పల మూత మీద, ముందు రెక్క అంచు మీద మాత్రమే వరసగా తెల్ల బొడిపెలు వస్తాయి. అది జబ్బే కాదు.

మచ్చ పోయిందంటే జబ్బు పోయినట్టు కాదు

నేను తప్పు చేసింది సరిగ్గా ఇక్కడే. పత్తిలో గులాబీ రంగు పురుగు గుర్తు తెచ్చుకోండి. కాయలోకి దూరాక పైన ఏం కొట్టినా దానికి తగలదు. ఈ పరాన్నజీవిది కూడా అదే పద్ధతి. దీనికి మూడు దశలు.

మొదటిది, చేప ఒంట్లో ఉండే దశ. పై చర్మం పొర కింద దూరి తింటూ పెరుగుతుంది. మనకు కనిపించే తెల్ల చుక్క ఇదే. చేప చర్మమే దానికి గొడుగు, మన ఉప్పు, మందు దాన్ని చేరవు.

రెండోది, అడుగున ఉండే దశ. బాగా పెరిగాక చేపను వదిలి రాళ్ళ మీద, మొక్కల మీద పడి చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. లోపల చీలి చీలి వందల పిల్లలవుతుంది. అప్పుడు కూడా మందు పని చేయదు.

మూడోది, ఈదే దశ. పిల్లలు బయటికొచ్చి చేప కోసం వెతుకుతాయి. రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చస్తాయి. ఉప్పుకైనా మందుకైనా దొరికేది ఈ ఒక్క దశే.

ఇప్పుడు చూడండి, నాలుగో రోజు మచ్చలు పోయాయంటే అవి ఉప్పుకు చచ్చినట్టు కాదు. పెరగడం అయిపోయి కిందికి దిగినట్టు. నేను ఉప్పు తీసేసిన రోజే అడుగున వందల పిల్లలు తయారవుతున్నాయన్నమాట.

ఈ చక్రం 24–26 డిగ్రీల నీటిలో 3 నుంచి 6 రోజుల్లో తిరుగుతుంది. చల్లటి నీటిలో వారాల తరబడి సాగుతుంది. అందుకే నీటిని కొంచెం వెచ్చగా చేస్తాం. పురుగు తొందరగా బయటికి రావాలి, మనం కాచుకుని ఉండాలి.

వైద్యం: అడుగడుగునా

1. నీళ్ళ లెక్క. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగిస్తే లీటర్లు. 60 × 30 × 25 అయితే 45 లీటర్లు. అంచనాతో వేయకండి.

2. వేడి. హీటరుతో రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచి 28 దగ్గర ఆపండి. ఒక్కసారిగా పెంచితే చేప తట్టుకోదు.

3. గాలి. వెచ్చటి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. గాలి పంపు రాత్రింబవళ్ళు ఆడాలి. కరెంటు పోయే ఊళ్ళో బ్యాటరీ పంపు ఒకటి పక్కన పెట్టుకోండి.

4. ఉప్పు. ఏమీ కలపని కల్లు ఉప్పు. లీటరుకు 1 గ్రాము చొప్పున, 12 గంటలకోసారి మూడు సార్లు. మొత్తం లీటరుకు 3 గ్రాములు. 45 లీటర్లకు ఒక్కో విడత 45 గ్రాములు. చెంబు నీటిలో పూర్తిగా కరిగించి మెల్లగా పోయండి.

5. అడుగు శుభ్రం. రోజు విడిచి రోజు పైపుతో అడుగు చెత్త లాగి, నాలుగో వంతు నీళ్ళు మార్చండి. వందల పిల్లలు పుట్టకముందే బయటికి పోతాయి. కొత్త నీళ్ళు అదే వేడిలో, క్లోరిన్ లేకుండా ఉండాలి. తీసినన్ని లీటర్లకే లెక్క కట్టి ఉప్పు కలపాలి. ఆవిరైన నీటి బదులు పోసేటప్పుడు ఉప్పు వేయకూడదు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు.

6. గడువు. చివరి మచ్చ పోయిన రోజు నుంచి లెక్కపెట్టి ఇంకో 7 రోజులు ఇదే కొనసాగించండి. మొత్తం రెండు వారాలు అనుకోండి. తర్వాత నీళ్ళు మారుస్తూ ఉప్పును మెల్లగా తగ్గించండి.

గోల్డ్ ఫిష్, గప్పీ, మోలీ ఈ ఉప్పును తట్టుకుంటాయి. పొలుసు లేని జాతులు, టెట్రాలు, చాలా నీటి మొక్కలు తట్టుకోవు. అలాంటప్పుడు, లేదా చేపలు పైకొచ్చి గుటకలు వేస్తుంటే, దుకాణంలో దొరికే ఇక్ మందు డబ్బా మీద రాసిన మోతాదులోనే వాడాల్సి వస్తుంది. అలాంటి చాలా మందుల్లో మలకైట్ గ్రీన్, ఫార్మలిన్ ఉంటాయి. చేతి తొడుగులు వేసుకోండి, ఫిల్టరులో బొగ్గు తీసేయండి, గాలి పెంచండి. తినే చేపల చెరువులో మలకైట్ గ్రీన్ వేయనే కూడదు.

మన కషాయాల సంగతి

ఇది మన వాళ్ళకే ప్రత్యేకంగా చెప్పాలి. పొలంలో కషాయం ఆకు మీద పడి ఆరిపోతుంది. తొట్టిలో చేప ఆ నీటినే పీలుస్తూ ఉంటుంది. వేప రసం మోతాదు మించితే చేపకు విషం. ఆవు మూత్రంతో నీటిలో అమ్మోనియా పెరుగుతుంది, అది మొప్పలను కాలుస్తుంది. ఆకుల కషాయం కుళ్ళితే ఆక్సిజన్ పడిపోతుంది. సహజమైనది కదా, ఏం కాదులే అనుకోవడం నా చేపల్ని చంపింది.

ఇంకో మాట. అక్వేరియం నుంచి తీసిన మామూలు నీళ్ళు కూర మొక్కలకు మంచి బలం. కానీ వైద్యం చేసేటప్పుడు తీసిన నీళ్ళు పోయకండి. లీటరుకు 3 గ్రాముల ఉప్పంటే ఈసీ సుమారు 5, చాలా కూరగాయలకు అది ఎక్కువే. మందు కలిసిన నీళ్ళు అసలే వద్దు. జబ్బు తొట్టి నీళ్ళు గానీ చేపలు గానీ నీటి కుంటలో, చెరువులో కలపొద్దు.

మళ్ళీ రాకుండా

కొత్త చేపలను వేరే తొట్టిలో మూడు వారాలు పెట్టి, తిండి, నడక చూసి గానీ కలపకండి. వలలు, పైపులు తొట్టికి తొట్టికి వేరుగా ఉండాలి, లేదా పూర్తిగా ఎండబెట్టి వాడాలి. చలికాలం రాత్రి, పగలు నీటి వేడిలో పెద్ద తేడా రాకుండా చూసుకోవాలి.

రెండోసారి జబ్బు వచ్చినప్పుడు నా దగ్గర మిగిలినవి తొమ్మిది. ఈ పద్ధతిలో 15 రోజులు వైద్యం చేస్తే రెండు పోయాయి, ఏడు బతికాయి. ఆ పిల్లవాడి ఇంటికి వెళ్ళి అతని తొట్టికి కూడా నేనే ఉప్పు తూచి వేసి వచ్చా. తర్వాత మూడు వారాలు గడిచాక, కొత్త తొట్టి నుంచి నాలుగు చేపలు ఊరికే ఇచ్చా. ఇప్పుడు దుకాణంలో ఒక పలక వేలాడదీశా, ఏ తొట్టి చేపలు ఏ తేదీన వచ్చాయో రాసి. 21 రోజులు కానిదే ఎవరు అడిగినా అమ్మను. తేదీ రాసే పని మా పాపది.