సెకనుకు ఎంత? రోజుకు ఎంత? - మన కుళాయి నేర్పిన పాఠం



మొన్న మార్చి నెలలో నీళ్ల లీడరుగా నేనొక లెక్క చేశాను. గుణకారం తప్పు పోలేదు. అయినా మర్నాడు పొద్దున్న నీళ్లు చాలలేదు. అది ఎందువల్లనో చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రవాహ రేటు అంటే ఏమి?

ఒక నిర్ణీత కాలంలో ఎంత ద్రవ్యరాశి ప్రవహించిందో తెలిపేది ద్రవ్యరాశి ప్రవాహ రేటు.

ప్రవాహ రేటు = ద్రవ్యరాశి ÷ కాలం

గెడ్డ నుంచి పైపులో వచ్చే మన కుళాయి నీటిని నేను ఇలా కొలిచాను. ఖాళీ బకెట్టును కాటా మీద పెడితే 1 కిలో తూగింది. కుళాయి కింద పెట్టి వాచీ చూస్తే 150 సెకన్లలో నిండింది. నిండిన బకెట్టు 16 కిలోలు. బకెట్టు బరువు తీసేస్తే నీరు 15 కిలోలు. (లీటరు నీరు సుమారు ఒక కిలో. కాటా లేనివారు లీటరు డబ్బాతో కొలవవచ్చును.)

15 ÷ 150 = సెకనుకు 0.1 కిలో

దీనిని పెద్ద కాలాలకు మార్చుదాం.

నిమిషానికి: 0.1 × 60 = 6 కిలోలు
గంటకు: 6 × 60 = 360 కిలోలు
రోజుకు: 360 × 24 = 8,640 కిలోలు

ఇక్కడ చాలామంది పొరపడతారు. 120 సెకన్లను నిమిషాలుగా మార్చేటప్పుడు 60తో భాగిస్తాం కదా, ఇక్కడ కూడా భాగించేస్తారు. కానీ రేటులో కాలం హారంలో, అంటే గీత కింద ఉంటుంది. అందుచేత చిన్న కాలం నుండి పెద్ద కాలానికి పోతే గుణించాలి. పెద్ద కాలం నుండి చిన్న కాలానికి వస్తే భాగించాలి. అనుమానం వస్తే కుళాయిని తలచుకోండి. నిమిషంలో పడిన నీరు సెకనులో పడిన నీటికన్నా ఎక్కువే ఉండాలి గదా!

నేను చేసిన తప్పు

హాస్టల్లో 240 మందిమి. 8,640ని 240తో భాగిస్తే తలకు 36 కిలోలు వచ్చింది. "రెండు బకెట్ల పైనే! అందరికీ సరిపోతాయి" అని ధైర్యంగా చెప్పేశాను. మర్నాడు ఆరున్నరకే ట్యాంకు ఖాళీ. మూడో తరగతి తమ్ముళ్లు స్నానానికి గెడ్డకు పోయారు. ఒకడు పాచి రాయి మీద జారి మోకాలు చీరుకున్నాడు. "అన్నా, సరిపోతాయన్నావు కదా?" అని అడిగితే నాకు జవాబు రాలేదు.

మళ్లీ కాగితం తీసి కూర్చున్నాను. రాత్రి 8 నుంచి తెల్లవారి 5 వరకు 9 గంటలు. 9 × 360 = 3,240 కిలోలు వస్తాయి. కాని మన ట్యాంకు పట్టేది 2,000 మాత్రమే. మిగతా 1,240 కిలోలు మనం నిద్రపోతుండగా పొర్లి కాలువలో పోతున్నాయి. పొద్దున్న 5 నుంచి 7 వరకు కొత్తగా వచ్చేవి 720. ట్యాంకుతో కలిపితే 2,720. తలకొక బకెట్టు చొప్పున కావలసినవి 240 × 15 = 3,600. అంటే 880 కిలోలు తక్కువ!

రోజుకు 8,640 అన్నది నిజమే. కాని ఆ రోజులో రాత్రి కూడా ఉంది. రాత్రి నీరు పట్టుకోకపోతే ఆ అంకె కాగితం మీదనే ఉంటుంది.

మాస్టారికి లెక్క చూపించాను. పొర్లే చోట 200 లీటర్ల డ్రమ్ములు ఆరు పెట్టించారు. 1,200 కిలోలు నిలిచాయి. 2,720తో కలిపితే 3,920. ఆ తరువాత ఎవరూ స్నానానికి గెడ్డకు పోలేదు.

పేపర్లో వచ్చే లెక్క కూడా ఇదే

వరదల కాలంలో పేపర్లో "క్యూసెక్కులు" అని రాస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28.3 కిలోల నీరు. రోజుకు 86,400 సెకన్లు. అందుచేత 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే సుమారు ఒక టీఎంసీ, అనగా వంద కోట్ల ఘనపుటడుగులు.

మన జిల్లా కొండల నీరు కొంత సీలేరులో పడి, శబరిలో కలిసి, గోదావరికి పోతుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అంటే సెకనుకు సుమారు లక్ష టన్నులు! అయితే అది వరద బాగా పెరిగినప్పటి రేటు. దానినే 86,400తో గుణించి "రోజంతా ఇంత పారింది" అనకూడదు. గుణించే ముందు, ఆ కాలమంతా ప్రవాహం ఒకేలాగ ఉందా అని అడగాలి. మన కుళాయికైనా, గోదావరికైనా ఇదే నియమం.

మీరు చేయండి

1. ఊరి పిండిమిల్లు గంటకు 90 కిలోల చోళ్లు ఆడుతుంది. నిమిషానికి ఎన్ని కిలోలు? సెకనుకు ఎన్ని గ్రాములు?

2. సరిగా కట్టని కుళాయి నుంచి నిమిషానికి 20 గ్రాముల నీరు కారుతుంది. రోజుకు ఎన్ని కిలోలు? ఎన్ని బకెట్లు?

3. మన కుళాయిని పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి మూడుసార్లు కొలవండి. మూడు రేట్లూ ఒకటేనా?

జవాబులు వచ్చే సంచికలో. రెండో లెక్క చేసినవారు కాగితం మడిచి, ముందు వెళ్లి కుళాయి కట్టి రండి!

- తొమ్మిదో తరగతి విద్యార్థి, కొయ్యూరు