గమాక్సిన్‌ను విరుగగొట్టు నేల బాక్టీరియా



కోనరావుపేట ప్రాంతములో ఒక పాత పెంకుటిల్లు విప్పుచుండగా అటక మీద తగరపు డబ్బా బయటపడినది. అందులో సగము వరకు పొడి యున్నది. మక్కిన వాసన ఇంకను పోలేదు. ఆ ఇంటి పెద్దమనిషి నన్ను పిలిచి ఇట్లడిగెను: "సారూ, ఇది మా నాయిన కాలం గమాక్సిన్. నేలల ఉండే సూక్ష్మజీవులు ఈ మందును తింటయని మీరే జెప్తిరి గద. పెంటకుప్పల కలిపి పొలంల పోస్తే అయిపోదా?"

ప్రశ్న మంచిది. పోయరాదు అని అప్పుడే చెప్పితిని. కారణము నిలుచున్నచోట చెప్పుటకు చాలదు గనుక ఇక్కడ వ్రాయుచున్నాను.

మనవారు గమాక్సిన్ అని పిలిచినది బి.హెచ్.సి. పొడి. దాని ఒక్కొక్క అణువులో ఆరు కార్బన్ పరమాణువులు బండిచక్రము వలె గుండ్రముగా కూర్చబడి, ఒక్కొక్క కార్బన్‌కు ఒక క్లోరిన్ తగిలి యుండును. ఈ కార్బన్-క్లోరిన్ ముడి చాల గట్టిది. పేడను, ఆకును ఇట్టే కుళ్ళబెట్టు సామాన్య బాక్టీరియాకు దీనిని విప్పుట చేతకాదు. పైగా ఈ మందు నీటిలో అంతగా కరుగదు, కొవ్వులో కరుగును. అందువలన మేత ద్వారా బర్రెలోనికి, అక్కడినుండి పాలవెన్నలోనికి, చివరకు మన పిల్లల ఒంటిలోనికి చేరును. మన దేశములో దీనిని 1997 ఏప్రిల్ 1 నుండి నిషేధించిరి.

పొడిలో ఉన్నదంతయు ఒకటే వస్తువు కాదు. అవే ఆరు కార్బనులు, అవే ఆరు క్లోరినులు. కాని క్లోరిన్ తిరిగియున్న వైపును బట్టి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అను రూపము లేర్పడినవి. పురుగును చంపునది గామా. అది నూటికి 10 నుండి 15 పాళ్లు మాత్రమే. 60 నుండి 70 పాళ్లు ఆల్ఫా. అనగా మన తాతలు చల్లిన సంచిలో ఎక్కువ భాగము పురుగుకు పనికిరానిది, నేలకు బరువైనది. ఇది తలచుకొన్నప్పుడెల్ల నాకు బాధ కలుగును. బీటా పాలు తక్కువే గాని అన్నిటికంటె మొండిది. ఏండ్ల తరబడి నిలుచును.

ఇక బాక్టీరియా సంగతి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో రఘు, మెక్‌రే అను శాస్త్రజ్ఞులు నీరు నిలిపిన పొలము మట్టిలో గామా రూపమును కలిపి చూచిరి. మామూలు మట్టిలో మందు తగ్గిపోయినది. సూక్ష్మజీవులను చంపిన మట్టిలో చాల వరకు నిలిచియున్నది. కాబట్టి దానిని తగ్గించినవి ప్రాణమున్నవే యని తేలినది. ఇంకొక విశేషము: అదే మట్టిలో రెండవసారి మందు కలిపినప్పుడు మొదటిసారి కంటె త్వరగా పోయినది. మొదటి విడతతో ఆ పని తెలిసిన జీవుల సంఖ్య పెరిగినదన్నమాట.

ఈ పని రెండు విధములుగ జరుగును. దమ్ము చేసి నీరు కట్టిన మడిలో గాలి ఆడదు. అక్కడి కొన్ని బాక్టీరియా క్లోరినులను ఊడదీసి విషమును చిన్న ముక్కలు చేయును. అయితే చక్రము పూర్తిగా విరుగక బెంజీను, క్లోరోబెంజీను వంటివి మిగులుచుండును; అవియు మంచివి కావు. మడి ఆరి గాలి సోకినప్పుడు వేరొక జాతి బాక్టీరియా పనిలోకి దిగును. ఒడిశాలోని కటకములో ఈ మందు వేసిన నేలలో, మొక్క వేళ్ల దగ్గరి మట్టినుండి అట్టి బాక్టీరియాను వేరుచేసి 1990లో ప్రకటించిరి. ఇవి ఒక ఎంజైముతో క్లోరినును తీసి, మరొక ఎంజైముతో ఆ స్థానమున నీటి భాగమును చేర్చి, తరువాత చక్రమును తెరచి, గామాను చివరకు బొగ్గుపులుసు వాయువు వరకు తీసికొనిపోవును. బీటాను మాత్రము ఇవియు కొంతవరకే మార్చగలవు.

కావున గామా వరి పొలములో కంటె చెల్కలో ఎక్కువ కాలము నిలుచును. చెల్కలో నీరు తక్కువ, సేంద్రియ పదార్థము తక్కువ, జీవులును తక్కువ. బాక్టీరియాకు తిండి కావలెను. వరిగడ్డి, జీలుగ, జనుము, మాగిన పెంట నేలలో కలిసిన చోట వాటి పని త్వరపడును. యాసంగి కోత తరువాత కొయ్యకాళ్లకు నిప్పు పెట్టువారు పై మట్టిలోని ఈ పనివారిని తామే కాల్చుకొనుచున్నారు. ఎకరమునకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు చల్లి, తడిమీద కలియదున్నిన అవి కుళ్ళి ఎరువగును. విషమును తిను బాక్టీరియా పొట్లములని ఎవరైన అమ్మజూపిన, నేనైతే పైసా పెట్టను. ప్రయోగశాలలో పెంచినవి కొత్త పొలములో తరచుగా నిలదొక్కుకొనవు.

అయితే ఆ డబ్బా పొడిని పెంటకుప్పలో ఎందుకు కలుపరాదు? బాక్టీరియా విరుగగొట్టునది మట్టిలో పలుచగా కలిసిన మందును, అదియు నెలలు, ఏండ్లు తీసికొని. కుప్పగా పోసిన పొడిలోనికి అవి చొరలేవు. గామాను వేరుచేయగా మిగిలిన వ్యర్థమును కుమ్మరించిన లక్నో దగ్గరి ఉమ్మరి గ్రామపు మట్టిలో శాస్త్రజ్ఞులు ఇట్టి బాక్టీరియాను కనుగొనిరి. అవి అక్కడ ఉన్నను ఆ నేల విషముతోనే యున్నది. పెంటలో కలిపినచో మనమే ఆ విషమును బండ్లకెత్తి పొలమంతట చల్లినట్లగును. వాగులో పారవేసిన చేపలకు పట్టును. కాల్చిన పొగలో అంతకంటె చెడ్డ క్లోరిన్ విషములు పుట్టవచ్చును. చీమలకని గాని, విత్తనపు గింజలకని గాని చిటికెడైనను వాడరాదు.

ఆ పెద్దమనిషి ఇంట మేమిట్లు చేసితిమి. చేతులకు తొడుగులు వేసి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, డబ్బాను మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, పైన "విషము" అని పెద్ద అక్షరములతో వ్రాసితిమి. పశువులకు, గింజలకు, బావికి దూరముగా తాళమున్న గదిలో ఉంచి మండల వ్యవసాయాధికారికి కబురు పంపితిమి. అటక కింద రాలిన పొడిని చీపురుతో ఊడ్వనీయలేదు. నీళ్లు చిలుకరించి, మట్టితో సహా గీకి, అదే సంచిలో వేసితిమి.