వేలుముద్ర వెయ్యకముందు

పాలమూరు నుంచి ఆలుమగలు హైదరాబాదు వచ్చారు. అయిదంతస్తుల బిల్డింగు పని. అతను సెంట్రింగ్ కడతాడు. ఆమె తట్ట మోస్తుంది. పక్కనే గుడిసె వేసుకున్నారు.

ఒకనాడు పొద్దున పరంజా కర్ర విరిగింది. ఇసుక తట్టతో సహా ఆమె కింద పడింది. కాలు విరిగింది. సర్కారు దవాఖానలో కట్టు కట్టారు. మూడు నెలలు కాలు కింద పెట్టవద్దన్నారు.

నాలుగో రోజు మేస్త్రీ వచ్చాడు.

“ఇగో, అయిదు వేలు. ఖర్చులకు ఉంచుకో. ఈడ వేలుముద్ర ఎయ్యి” అన్నాడు.

వేలుముద్ర అడిగేవాళ్లకు తొందర ఎక్కువ. పక్క గుడిసె పెద్దమ్మ కాగితం అందుకుంది. ఆమె రాత్రిబడిలో చదువు నేర్చింది. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివింది.

“పని అయిపోయినాక నా తప్పు వల్ల పడ్డాను. ఎవరినీ ఏమీ అడగను.”

“పొద్దుగాల పడితివి గదా బిడ్డా! ముద్ర ఎయ్యకు” అన్నది పెద్దమ్మ.

మర్నాడు పెద్దమ్మ, ఆమె భర్త కలిసి కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లారు. అక్కడి అధికారి వివరంగా చెప్పాడు.

పనిలో ఉండగా, ఆ పని వల్ల దెబ్బ తగిలితే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. ఇందుకు 1923లోనే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. హక్కు మాత్రం పోలేదు. పొరపాటున కాలు జారినా హక్కు ఉంటుంది. తాగి పని చేస్తూ పడితే అది వేరే సంగతి. మూడు రోజుల్లో తగ్గిపోయే దెబ్బకు పరిహారం రాదు.

“కూలి ఇచ్చేది మేస్త్రీ. కంపెనీని ఎట్ల అడుగుతం సారూ?” అన్నాడు భర్త.

అడగవచ్చు. బిల్డింగులు కట్టడమే వ్యాపారమైన కంపెనీ, పని మేస్త్రీకి అప్పగించినా బాధ్యత తప్పించుకోలేదు.

ఎంత వస్తుంది? నెలకు 12,000 కూలి అనుకుందాం. పని చెయ్యలేని రోజుల్లో పదిహేను రోజులకొకసారి అందులో నాలుగో వంతు, అంటే 3,000 ఇవ్వాలి. వైద్యం ఖర్చు వేరే. కాలు పూర్తిగా బాగుపడకపోతే, డాక్టరు అంచనాను బట్టి ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వాలి. ఆ పెద్ద మొత్తం ఆడకూలీకి రావలసినదైతే, యజమాని దాన్ని అధికారి దగ్గరే జమ చెయ్యాలి. చాటుగా చేతిలో పెడితే అది పరిహారం కింద లెక్కకు రాదు. మనిషి చనిపోయినప్పుడు ఇంటివాళ్లకు వచ్చే పరిహారానికీ ఇదే పద్ధతి.

హక్కు వదులుకుంటున్నానని రాసిన కాగితం చట్టం ముందు చెల్లదు. అట్లా అని ముద్ర వెయ్యకూడదు. “పనిలో పడలేదని తనే ఒప్పుకుంది” అని అదే కాగితం చూపి వాదిస్తారు.

దావా రెండేళ్లలోపు వెయ్యాలి. అధికారి దవాఖాన చీటీ అడిగాడు. అందులో “పడింది” అని మాత్రమే ఉంది. ఎక్కడ పడిందో లేదు! చీటీ రాసేటప్పుడే “బిల్డింగు పనిలో పడింది” అని రాయించుకోవాల్సింది. ఇప్పుడు చూసినవాళ్లు సాక్ష్యం చెప్పాలి. తట్ట మోసే ఇద్దరు ఆడవాళ్లు ముందుకొచ్చారు.

వారం తరువాత మేస్త్రీ మళ్లీ వచ్చాడు. తన కాగితం తనకివ్వమన్నాడు.

పెద్దమ్మ ఇవ్వలేదు. అప్పటికే దాన్ని అర్జీకి జత చేసింది.